చీకటిలో గీసిన వెలుగు

చీకటిలో తీసిన ఫొటోలో మనిషి ప్రక్కను తెల్లని గీత గాని, వెనుకటి గోడ తనలోనుండి కనబడునట్టి పలుచని రూపము గాని ఉన్నయెడల, అది సెల్‌ఫోనులలో ఒక్క పూటలో పది ఊళ్లు తిరుగును. ఒకరు దయ్యమందురు, మరియొకరు దేవదూత యందురు. ఇది నవ్వి విడువదగిన సంగతి కాదు. బాణామతి యను అనుమానముతో మనుష్యులను కొట్టి చంపిన ఊళ్లు మన తెలంగాణలో కలవు. ఒంటరి ముసలమ్మ వాకిట కనబడిన తెల్లని నీడ ఆమె ప్రాణముమీదికి రావచ్చును. కాబట్టి ప్రియ సంఘస్థులారా, అట్టి ఫొటోలు ఎట్లు పుట్టునో ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాము. చదివి ఊరకుండక, యౌవనస్థులు తమ చేతులతో ఒకటి తీసి పెద్దలకు చూపవలెనని మా కోరిక.

నవీపేట రైతులకు ఇందులో సగము ముందే తెలియును. రాత్రి కరెంటు ఉన్న దినములలో నీళ్లు కట్టుటకు చెరకు మడికి పోవు మనిషిని దూరమునుండి చూచినయెడల, మనిషి కనబడడు; టార్చి వెలుగు మాత్రము గట్టు వెంబడి కదలుచుండును. (2018 జనవరిలో సేద్యమునకు 24 గంటల కరెంటు వచ్చిన తరువాత ఆ రాత్రి నడకలు తగ్గినవి.) మన కన్ను ఆ వెలుగును చూచుచు, చూచినదానిని విడిచిపెట్టుచు పోవును. కెమెరా విడిచిపెట్టదు. దాని కన్ను 30 సెకండ్లు తెరచియుంచినయెడల, ఆ 30 సెకండ్లలో టార్చి నడచిన త్రోవయంతయు ఒకే గీతగా పడును. గట్టు వంకర తిరిగినచోట గీతయు వంకర తిరుగును. రైతు నిలిచినచోట వెలుగు ముద్దగా పడును. రైతు మాత్రము అందులో ఉండడు, ఏలయనగా అతని దేహము చీకటిలో ఉన్నది, పైగా ఒకచోట నిలువలేదు.

పారిసు పట్టణములో దగేరు అనునతడు 1838లో ఒక వీధిని ఫొటో తీసెను. ఆ కాలపు పలకలకు నిమిషములకొలది వెలుగు కావలసియుండెను. వీధిలో తిరిగిన బండ్లు, జనులు అందరు మాయమైరి. బూట్లు పాలిషు చేయించుకొనుటకు కదలక నిలిచిన ఒక మనిషి మాత్రము మిగిలెను. ఇక సగము సేపు నిలిచి తరువాత తొలగిపోయిన మనిషి సంగతి ఏమి? అతడు సగమే పడును. అతని వెనుకనున్న గోడ అతనిలోనుండి కనబడును. ఈ విధముగా దయ్యపు బొమ్మ చేయవచ్చునని స్కాట్లాండు శాస్త్రజ్ఞుడైన డేవిడ్ బ్రూస్టరు 1856లోనే వ్రాసెను. అయినను అమెరికాలో మమ్లరు అనునతడు చనిపోయిన బంధువుల ఆత్మలు ఫొటోలో పడునని చెప్పి, దుఃఖములో ఉన్నవారియొద్ద సొమ్ము తీసికొనెను. 1869లో న్యూయార్కు న్యాయస్థానమున విచారణ జరిగినప్పుడు, ఇట్టి ఫొటోలు తీయుటకు గల ఉపాయములను తోటి ఫొటోగ్రాఫర్లు వివరించిరి గాని, రుజువు చాలక అతడు విడుదల పొందెను. వెలుగు కనబడిన ప్రతిచోట దైవకార్యమని తలంపరాదని కొరింథీయుల రెండవ పత్రిక 11వ అధ్యాయము చదివినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ విద్యను మేలుకు వాడినవారును కలరు. 1889లో ఫ్రాన్సు దేశమున మారే, దెమెనీ అనువారు మనిషి కీళ్లకు చిన్న కరెంటు దీపములు కట్టి, అతని నడకను గీతలుగా పట్టిరి. 1914 ప్రాంతమున అమెరికాలో గిల్‌బ్రెత్ దంపతులు పనివారి చేతులకు దీపములు కట్టి, ఎక్కడ శ్రమ వ్యర్థమగుచున్నదో వెదకిరి. మన చెరకు కొట్టు కూలీల మణికట్టుకు అట్టి దీపము కట్టినయెడల వ్యర్థము కంటె నేర్పే ఎక్కువ కనబడునని మా నమ్మకము. 1949లో పికాసో అను చిత్రకారుడు చిన్న దీపముతో గాలిలో బొమ్మలు గీయగా, గ్యోన్ మిలీ ఫొటోలు తీసెను.

ఇప్పుడు తీయు పద్ధతి. అమావాస్య దగ్గరి రాత్రి, వీధిదీపము పడని చోట, మీ చర్చి గోడనో వేపచెట్టునో ఎంచుకొనుడి. కెమెరాను స్టాండుమీద బిగించుడి. స్టాండు లేనియెడల ఇటుకల మధ్య నిలుపుడి. వెలుగు గ్రహించు సంఖ్య, అనగా ఐ.ఎస్.ఓ., 100, కన్ను వెడల్పు ఎఫ్ 8, సమయము 30 సెకండ్లు. ఫోనులో ‘ప్రో’ అను భాగమున సమయము మార్చవచ్చును. వెడల్పు మార్చు వీలు సాధారణముగా ఉండదు. ముందు టార్చి వేసి గోడమీద ఫోకసు కుదిర్చి, దానిని కదలకుండ నిలిపివేయుడి. వ్రేలు తగిలి అదరకుండ 2 సెకండ్ల టైమరు పెట్టుడి. కన్ను తెరచుకొనగానే నల్లని బట్టలు కట్టినవాడు ప్రక్కనుండి టార్చి వెలుగును సున్నము పూసినట్లు గోడమీద త్రిప్పవలెను. ఒకచోట ఆపినయెడల మచ్చ పడును. కెమెరా ప్రక్కనే నిలిచి వేసినయెడల గోడ చదునుగా కనబడును. ఓరగా వేసినప్పుడే రాళ్ల ఎత్తుపల్లములు తేలును. దూరము రెండింతలైనప్పుడు వెలుగు నాల్గవ వంతుకు తగ్గును గనుక పైభాగమునకు ఎక్కువ సేపు త్రిప్పవలెను. టార్చి పట్టినవాడు తనమీద వెలుగు పడనియ్యకుండ తిరుగుచుండినయెడల ఫొటోలో కనబడడు. కెమెరావైపు తిరిగి గాలిలో అక్షరములు వ్రాసినయెడల అవి అద్దములోవలె తారుమారుగా పడును. పిల్లలకు దీనియందే ఎక్కువ సంతోషము.

కొందరు ఇనుప పీచు అంటించి త్రిప్పి నిప్పురవ్వలు కురిపించుదురు. మన ప్రాంతమున అది వద్దు. ఎండిన చెరకు ఆకుమీద ఒక్క రవ్వ చాలును, ఒక కుటుంబపు సంవత్సరపు పంట పోవును. బాసర వైపు పోవు రైలు వెలుగును తీయగోరువారు పట్టాలకు దూరముగా నిలువవలెను. బోధనులో 2015లో మూతబడిన చక్కెర ఫ్యాక్టరీ వంటి కట్టడములలోనికి రాత్రి పోరాదు. పొలములో రెండవ మనిషి ఒకడు పాములకొరకు నేల చూచుచుండవలెను.

మీయొద్దకు వింత ఫొటో వచ్చినప్పుడు దానిని ముందుకు పంపక, తీసినవానిని పిలిపించుడి. అతని ఫోనులో ఫొటో వివరములు తెరచిన, కన్ను ఎన్ని సెకండ్లు తెరచియుండెనో సాధారణముగా కనబడును. చేతులు మారి వచ్చిన ప్రతిలో ఆ లెక్క తరచుగా చెరిగిపోవును. తరువాత అదే వాకిట, అదే ఘడియలో, ఒక పిల్లవానిని 15 సెకండ్లు నిలువబెట్టి, 15 సెకండ్లు తొలగించి, ఊరి పెద్దలందరు చూచుచుండగా మరల ఒక ఫొటో తీయుడి.