పొట్టిక్క బుట్టకి అమ్మ మెరుగులెందుకు?

సమస్య

మాది రాజమండ్రి. బాబు నాలుగో తరగతి, పాప రెండు. వేసవి సెలవుల్లో ఫోన్ చేతికివ్వకూడదని క్రాఫ్ట్ కిట్లు కొన్నాను. వీడియోలు చూసి కాగితం బొమ్మలు, పొయ్యి అక్కర్లేని వంటలు చేయిస్తున్నాను. పావుగంటకే విసుగని లేచిపోతున్నారు. నేనే ఓపిగ్గా, వాళ్లు నిద్రపోయాక వంకరగా అంటించినవన్నీ సరిచేసి, పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫొటోలు పెడుతున్నాను. మా అత్తగారిది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. "ఆకో పుల్లో ఇచ్చి వదిలెయ్యమ్మా, వాళ్లే ఏదో ఒకటి చేసుకుంటారు" అంటారు. ఆవిడకి ఈ కాలం పద్ధతులు తెలీవు కదండీ. పిల్లలు కుదురుగా కూర్చునే పనులేవైనా చెప్పండి.

ఒక తల్లి, రాజమహేంద్రవరం

సలహా

ఈ ఉత్తరంలో పట్టించుకోవలసింది కిట్ల సంగతి కాదు, మధ్యలో మామూలుగా రాసేసిన ఒక్క ముక్క: "నిద్రపోయాక సరిచేసి". చూడమ్మా, పొద్దున్న లేచేసరికి తను చేసిన బొమ్మ మారిపోయి ఉంటే తొమ్మిదేళ్ల పిల్లాడికి ఏమనిపిస్తుంది? తన పని పనికిరాలేదనిపిస్తుంది. ఎలాగూ అమ్మ చేస్తుందిలే అనిపిస్తుంది. అలాంటప్పుడు పావుగంటకే లేచిపోవడంలో వాళ్ల తప్పేముంది? మీరు చేస్తున్నది పొరపాటు. మీ అత్తగారి మాటే రైటు.

కిట్లు కొనడం ఎవరి వీలు వాళ్లది. కానీ ముక్కలన్నీ ముందే కోసిపెట్టిన కిట్టు పెట్టెలో పిల్లలకి మిగిలేది జిగురు రాయడమే.

అసలైన పని మీ అత్తగారి ఊరివైపే ఉంది. అంబాజీపేట పొట్టిక్కలు తినని కోనసీమ మనిషి ఉండడు. నాలుగు పనసాకుల్ని అంచుమీద అంచు వచ్చేలా అడ్డంగా, నిలువుగా పేర్చి, పైకి మడిచి, కొబ్బరి ఈనె ముక్కలు గుచ్చితే బుట్ట తయారు. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. పిల్లలకి ఇందులో అన్నీ ఉన్నాయి: ఆకులు ఏరడం, కడగడం, గుచ్చడం, గ్లాసు మినపప్పుకి రెండు గ్లాసుల రవ్వ కొలవడం. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ఆకుల మధ్య సందు ఉంటే పిండి కారిపోతుంది. "సరిగ్గా చెయ్యలేదు" అని అమ్మ చెప్పక్కర్లేదు, బుట్టే చెబుతుంది. పిల్లాడే ఇంకో ఈనె గుచ్చుతాడు.

విద్యావేత్త మరియా మాంటిస్సోరి తన బోధన సామగ్రిని తయారు చేయించింది సరిగ్గా ఈ ఆలోచనతోనే. చెక్కదిమ్మెలో రకరకాల కొలతల గుంటలు, వాటికి సరిపోయే చెక్క బిళ్లలు. ఒకటి తప్పు గుంటలో పెడితే చివర్లో ఒకటి పట్టకుండా మిగిలిపోతుంది. తప్పు ఎక్కడో పిల్లలే వెతుక్కుంటారు. 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం మూలంగా 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయిన ఆవిడ ఎందరో టీచర్లకి నేర్పిన పద్ధతి ఇది. అత్తగారికి తెలియదనుకున్న పద్ధతి కూడా ఇదే.

మన డెల్టాలో ఇలాంటివి కొల్లలు. ముంజలు తిన్నాక మిగిలిన రెండు కాయల్ని పుల్లతో కలిపితే ముంజికాయల బండి. పుల్ల మధ్యలోకి దిగకపోతే బండి పక్కకి లాగేస్తుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకుల్లో, కుండ మీద రేకు తీయడం పిల్లల పని కాదు. కానీ ఉత్త రేకులు కొనితెస్తే, తడిగుడ్డ అద్ది, నెయ్యి రాసి, బెల్లంపొడి చల్లి మడత పెట్టడం ఏడేళ్ల పాప చేయగలదు. తడి తక్కువైతే రేకు విరుగుతుంది, ఎక్కువైతే ముద్దవుతుంది. విరిగిందీ తినేదే.

పిల్లల పనికి పెద్దలు మెరుగులు దిద్దడం మీ ఒక్కరి ఇంటి మాట కాదు. స్కూల్ ప్రాజెక్టు నాన్న చేస్తాడు, బొమ్మకి రంగు అక్క వేస్తుంది, మార్కులు పిల్లాడికి వస్తాయి. నలుగురిలో మన పిల్లలు తక్కువ కాకూడదన్న ఆరాటం ప్రేమలోంచే పుడుతుంది, నిజమే. ఆ ఆరాటం బరువు మాత్రం పిల్లలు మోస్తున్నారు. పక్కింటి వాళ్లు మెచ్చుకునేది అమ్మ చేతిపనిని అని పిల్లలకి తెలియదనుకుంటున్నారా?

ఈ ఆదివారం వంటింటి పెత్తనం అత్తగారికి అప్పగించండి. ఒక్క బుట్ట ఆవిడ గుచ్చి చూపిస్తారు, మిగతావి బాబూ పాపా గుచ్చుతారు. వంకర బుట్టలో కూడా పిండి పొయ్యండి. పొయ్యి వెలిగించడం, ఆవిరి పాత్ర మూత తీయడం మాత్రం పెద్దవాళ్లే చెయ్యాలి.