ధర చెప్పే ముందు పద్ధతి చెప్పండి

చేతిలో కలంకారీ పని ఉండి, బేరం దగ్గర నోరు పెగలని శ్రీకాళహస్తి కుర్రకారు కోసం, రంగులు నింపే అమ్మాయిల కోసం ఈ నాలుగు మాటలు. కళ గొప్పదనం గురించి సభల్లో చాలామంది చెబుతారు. స్టాల్ ముందు నిలబడ్డ మనిషి మాత్రం మనల్ని అడిగేది ఒక్కటే: ‘ఇది పెన్నా, ప్రింటా?’ మన నిజాయితీకి పరీక్ష అక్కడే. ఆ ప్రశ్నకు నీళ్లు నమలకుండా జవాబు చెప్పగలిగినవాడు ధర కూడా తడబడకుండా చెబుతాడు.

పెన్ కలంకారీ అంటే ఏమిటో మనకు తెలుసు కానీ కొనేవాళ్లకు తెలియదు. గాడా బట్టను కరక్కాయ, గేదె పాలలో తడిపి ఆరబెడతాం. పాలలోని కొవ్వు వల్ల గీత పక్కలకు పాకదు. చింతబొగ్గుతో బొమ్మ గీసి, ఇనుప తుక్కును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన కసిమితో దాన్ని స్థిరం చేస్తాం. ఆ నీళ్లు కరక్కాయ పట్టిన బట్ట మీద పడ్డాకే నల్లబడతాయి. ఆపైన పటిక, ఎరుపుకు ఉడకబెట్టడం, పారే నీళ్లలో ఉతకడం, మళ్లీ పాలు, పసుపు, నీలి. ఇవన్నీ నోటితో చెబితే ఎవరూ వినరు. ఫోన్‌లో ఒక్కో దశకు ఒక్కో ఫొటో తీసి పెట్టుకోండి. అడిగినప్పుడు చూపిస్తే చాలు, బేరం సగం తగ్గుతుంది.

స్టాల్‌లో ప్రతి బట్టకూ ఒక చీటీ కట్టండి. పెన్, అచ్చు, స్క్రీన్, డిజిటల్ అన్న నాలుగింటిలో అది ఏదో రాయండి. రంగులు సహజమా, రసాయనమా రాయండి. సగం సగం అయితే అదీ రాయండి. సహజరంగు ఎండకు కొంత వెలుస్తుందని అమ్మేటప్పుడే చెప్పండి, తర్వాత తగువు రాదు. స్క్రీన్ ప్రింట్ అమ్మడం తప్పు అని నేను అనను. ఇల్లు గడవాలి. దాన్ని పెన్ అని అమ్మడమే తప్పు. పెడన వాళ్ల అచ్చు పనిని మనవాళ్లు కొందరు చిన్నచూపు చూస్తారు, అది నాకు నచ్చదు. టేకు చెక్క మీద అచ్చు చెక్కడం తక్కువ విద్యేమీ కాదు. మన పనికీ, పెడన వాళ్లు చేసే మచిలీపట్నం పనికీ విడివిడిగా భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపును అబద్ధంగా అంటిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా అని 1999 నాటి చట్టం చెబుతోంది. ఊరికి గుర్తింపు వచ్చినంత మాత్రాన సరిపోదు, అధీకృత వినియోగదారుగా మీ పేరు విడిగా నమోదు చేయించుకోవాలి. హస్తకళల శాఖ ఇచ్చే పెహచాన్ కార్డు వేరే, ఇది వేరే. రెండూ ఉండాలి.

ఇక ధర. ‘కళకు వెల కట్టలేం’ అన్న మాట మనల్ని ముంచినంతగా దళారీలు కూడా ముంచలేదు. వెల కట్టలేనిదాన్ని ఎంతకిచ్చినా పుచ్చుకోవాల్సిందే కదా! కట్టండి, లెక్కగా కట్టండి. ఒక దుపట్టా అనుకుందాం. గీతకు రెండు రోజులు, రంగులకు మూడు, నానబెట్టడాలు ఉతుకులు కలిపి ఒక రోజు పని. మీ ఊళ్లో తాపీమేస్త్రీ రోజుకు 900 తీసుకుంటే మీరూ అంతే వేసుకోండి: 5,400. బట్ట, రంగులు, కట్టెలు 1,200. మొత్తం 6,600. పాడయ్యే ముక్కలకూ, ప్రదర్శనలకు తిరిగే ఖర్చులకూ 15 శాతం కలిపితే 7,590. ఇది మీ కింది ధర. దీనికి తక్కువైతే మీరు అమ్మడం లేదు, దానం చేస్తున్నారు. బొమ్మ కొత్తదైతే, కూర్పు మీదైతే దాని మీద ఎంత పెంచుకుంటారో మీ ఇష్టం. షాపువాడు రెట్టింపుకు అమ్ముతాడని ఏడవకండి, అతనికి అద్దె ఉంది. కానీ అతనికి వేసిన సరుకునే పక్క వీధి ప్రదర్శనలో సగం ధరకు మీరు అమ్మితే ఆ షాపు మీకు మళ్లీ దొరకదు.

డిజైన్ల విషయంలో మనవాళ్లు మరీ అమాయకులు. మన గుట్టు బయటికి పోవడం ఇప్పటిది కాదు. పుదుచ్చేరి వైపు ఉన్న కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ 1742లోనే రంగులద్దే పద్ధతినంతా ఉత్తరంలో రాసి ఫ్రాన్సుకు పంపాడు. (తెలుగు–ఫ్రెంచి నిఘంటువు కూర్చినవాడూ ఆయనే.) ఇప్పుడు ఉత్తరం అక్కర్లేదు, వాట్సాప్ చాలు. అందుకని అడ్వాన్సు పడేదాకా పూర్తి బొమ్మ పంపకండి, ఒక మూల ముక్క పంపండి. నమూనాకు డబ్బు తీసుకోండి, ఆర్డరు ఖాయమైతే అందులో తగ్గించుకోవచ్చు. మీ బొమ్మను స్క్రీన్‌కు ఎక్కించుకుంటామని ఎవరైనా అడిగితే తొందరపడి సరే అనొద్దు. డిజైన్‌గా నమోదు చేయకుండా, మీరు గానీ మీ అనుమతితో మరొకరు గానీ యంత్ర పద్ధతిలో 50కి మించి తీస్తే దాని మీద మీ కాపీరైట్ పోతుంది. 1957 కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ అది. నమోదు చేయించాలంటే బొమ్మను బయటపెట్టకముందే దరఖాస్తు చేయాలి. హక్కు పదేళ్లు, ఆపై ఇంకో ఐదు పొడిగించుకోవచ్చు. ప్రతి దుపట్టాకూ ఇదంతా అక్కర్లేదు గానీ, ఏడాదికి ఒకటో రెండో మంచి కూర్పులు ఉంటాయి, వాటికి చేయించండి.

అమ్మేశాక బొమ్మతో మనకేం పని అంటారు కొందరు. అలా కాదు. అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కు పెద్ద కంచు కుడ్యశిల్పం చేసి ఇచ్చాడు. 1979లో దాన్ని గోడ నుంచి పీకి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెక్కితే 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పాన్ని ఆయనకే తిరిగివ్వమంది, 5 లక్షల పరిహారం ఇమ్మంది. డబ్బు ముట్టినా చేసినవాడి పేరు, పని గౌరవం అతనివేనని ఆ తీర్పు. చీర దాకా ఇది ఎంత వర్తిస్తుందో వకీళ్లు తేల్చాలి. గోడకు వేలాడే పెద్ద పనులకు మాత్రం బిల్లు మీద మీ పేరు, కొలతలు, తేదీ లేకుండా సరుకు కదిలించకండి.

పేరు అన్నాను కాబట్టి మన ఇళ్ల సంగతి కూడా. గీత గీసింది గురువు, రంగులు నింపింది నలుగురు ఆడవాళ్లు. అవార్డు ఫొటోలో గురువు ఒక్కడే ఉంటాడు. డిజైనర్లు మన పేరు దాచారని మనం గోల పెడతాం, మన గదిలోనే మనం అదే చేస్తాం. పెద్ద పనికి వెనకవైపు అంచులో అందరి పేర్లూ రాస్తే ఏం పోతుంది? కూలి ముక్కకు ఇంత అని ఇస్తున్నవాళ్లు అది రోజుకు ఎంత పడుతోందో ఒకసారి లెక్కగట్టి చూసుకోండి. మీకు 900, ఆమెకు 250 అయితే, మీ ధర చీటీలో ఎక్కడో అబద్ధం ఉంది.

చివరిగా దేవుడి బొమ్మలు. గుడి తెరల కోసం, రథాల కోసం పుట్టిన పని కదా, చీర మీద రాముణ్ణి వేయొచ్చా అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. కొనేవాడి కోరికకు వంగడం మన వృత్తిలో పాతదే. మచిలీపట్నం వాళ్లు పర్షియా బేరం కోసం మనుషుల బొమ్మలు మానేసి పూలూ చెట్లూ వేశారు, దాంతో వాళ్ల విద్య చెడలేదు. పైట మీద, గోడ మీద నేను వేస్తాను. సోఫా దిండు మీద, కాళ్ల కింది పట్టా మీద వేయను. ఇది నా గీత, మీది ఇంకోచోట ఉండొచ్చు. ఎక్కడున్నా ఆర్డరు పుచ్చుకునేటప్పుడే చెప్పండి, అదే ధరకు నెమలో తామరో వేస్తానని కూడా చెప్పండి. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోని వాళ్లకు అడ్వాన్సు ఆ రోజే వెనక్కి ఇచ్చేయండి.