కాయకము, అంగడి, దాసోహము

కాయకము, దాసోహము అను రెండు మాటలను జంటగా చదువుట పరిపాటి. వాని నడుమ నిలిచియున్న అంగడిని గూర్చి ఆలోచించువారు తక్కువ. చేసిన పని ధాన్యముగా మారి ఇల్లు చేరవలెనన్న మధ్యలో ఒక ధర యుండును. ఆ ధర తారుమారైనచో కాయకము తప్పనివాడును పస్తుండవలసివచ్చును.

1943 నాటి వంగదేశపు కరువు ఇందుకు తార్కాణము. ఆ కరువునకును, వెంటవచ్చిన వ్యాధులకును బలియైనవారు ముప్పది లక్షలవరకు ఉందురని అంచనా. బియ్యము లేకనే జనులు మరణించిరని చాలకాలము తలచిరి. బాల్యమున ఆ కరువును చూచిన అమర్త్య సేన్ 1981లో ప్రకటించిన గ్రంథమున వేరొక లెక్క చూపెను. ఆ యేట లభ్యమైన ధాన్యము అంతకు ముందరి ఐదేండ్ల సగటుకంటె నూటికి 5 వంతులు మాత్రమే తక్కువ. కరువులేని 1941 కంటె నూటికి 13 వంతులు ఎక్కువ. ఈ అంకెలపై పండితులలో వాదములు జరిగినవి. అయినను కరువు ఎవరిని పట్టెను, ఎవరిని విడిచెను అనునదే ఇచట ముఖ్యము.

కలకత్తాలో మణుగు బియ్యము 1942 డిసెంబరున 13, 14 రూపాయలుండగా, 1943 ఆగస్టునకు 37 రూపాయలాయెను. యుద్ధవ్యయము ధరలను పెంచెను. ఇంకను పెరుగునన్న ఆశతో నిలువలు దాగెను. పొలమున పనిచేయువాని కూలి మాత్రము అట్లు పెరుగలేదు. క్షురకుని స్థితి మరింత ఆలోచింపదగినది. కడుపు కాలునప్పుడు జనులు మొదట మానుకొనునది క్షౌరమే గదా! అతని కత్తి పదును పోలేదు, చేతి నేర్పు పోలేదు. అతని పనికి వచ్చు గింజలే పోయినవి. బెస్తల కష్టము వేరు. జపానువారు వత్తురన్న భయముతో 1942లో ప్రభుత్వమే తీరప్రాంతపు పడవలను లాగికొనెను. అంబిగర చౌడయ్యను కొలుచువారికి పడవ పోవుట యన నేమో చెప్పనక్కరలేదు. పంటలో పాలు ధాన్యముగనే పుచ్చుకొను రైతులు కూలివారికంటె మేలుగ నిలిచిరి. కలకత్తా కర్మాగారములవారికి చౌకబియ్యము దొరకెను.

12వ శతాబ్దమున కల్యాణమందు ఆయ్దక్కి మారయ్య బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యము ఏరి జీవించుచుండెను. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తేగా, భార్య లక్కమ్మ ఆ మిగులును తిరిగి అచటనే వేసి రమ్మనెను. దీనిని ఆశ విడుచుటకు దృష్టాంతముగా బోధింతురు. అది సరియే గాని, అంతటితో చాలదు. ఒక గాదెలో దాగిన మిగులు పొరుగువాని కూలికి వచ్చు గింజలను తగ్గించునని వంగదేశము చూపెను. లక్కమ్మ తిరస్కారము ఆ పొరుగువాని పక్షముననే యున్నది.

వంగదేశమున గంజి కేంద్రములు విరివిగా తెరచునప్పటికి ధర రెండింతలు దాటియుండెను. ఆకలిగొని వచ్చినవానికి వడ్డించుట దాసోహమే. అతడు ఆ పంక్తికి రానక్కరలేని ధరను నిలుపుటయు దాసోహమే. ఆంధ్రప్రదేశమున 1983లో కిలో బియ్యము రెండు రూపాయల పథకము వచ్చినప్పుడు దానిని వట్టి దానమని ఆక్షేపించినవారు, కూలికిని బియ్యమునకును గల నిష్పత్తిని అది కాపాడుచున్నదన్న సంగతిని గణింపలేదు.