ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్‌లో వోల్టేజి చేసే పని: చెవితో విని తెలుసుకుందాం

మా ఉమ్రిలో రేడియో ముల్లు తిప్పితే నాందేడ్ ఆకాశవాణి మరాఠీలో పలుకుతుంది. ఆ మాట గాలిలో ఎలా వస్తుందని పిల్లలు అడిగితే నేను ముందు బొమ్మ గీయను, ఒక చిన్న సర్క్యూట్ కట్టిస్తాను. అందులో ఉండేది వీసీవో, అంటే ఇచ్చిన వోల్టేజిని బట్టి తన వేగం మార్చుకునే ఆసిలేటర్. ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్‌లో అది సెకనుకు సుమారు పది కోట్ల సార్లు ఊగుతుంది. అంత వేగం చెవికి అందదు కాబట్టి సెకనుకు కొన్ని వందల సార్లు ఊగేది కట్టుకుందాం. లోపలి అమరిక వేరైనా సూత్రం అదే.

లైసెన్సు లేకుండా ఎఫ్‌ఎం ప్రసారం చేయడం మన దేశంలో నేరం. ఇప్పుడు కట్టబోయేది ప్రసారం చేసేది కాదు, స్పీకర్లో మోగేది. నిశ్చింతగా మొదలుపెట్టండి.

కావలసినవి

- 555 ఐసీ, బ్రెడ్‌బోర్డ్, తీగ ముక్కలు
- 9 వోల్టుల బ్యాటరీ, క్లిప్పు
- రెసిస్టర్లు: 1 కిలో ఓమ్ రెండు (గోధుమ, నలుపు, ఎరుపు), 10 కిలో ఓమ్ ఒకటి (గోధుమ, నలుపు, నారింజ), 100 ఓమ్ ఒకటి (గోధుమ, నలుపు, గోధుమ)
- 104 అని రాసి ఉన్న కెపాసిటర్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్
- 10 కిలో ఓమ్ పాట్ (వాల్యూమ్ తిప్పే మీట లాంటిదే)
- 8 ఓమ్ స్పీకర్. పాత రేడియోలోది చక్కగా పనికొస్తుంది.

ఊళ్లో దొరకనివి ఉంటే రైలెక్కి ఇటు నాందేడ్ వెళ్లొచ్చు, అటు బాసర మీదుగా నిజామాబాద్ వెళ్లొచ్చు. ఇంట్లో ఎవరైనా హైదరాబాద్ వెళ్తుంటే కోఠి గుజరాతీ గల్లీలో తెమ్మనండి.

చేసే పద్ధతి

1. బ్రెడ్‌బోర్డ్ నడిమి గాడికి అటు నాలుగు కాళ్లు, ఇటు నాలుగు కాళ్లు వచ్చేలా ఐసీని గుచ్చుదాం. దాని మీది గంటు ఎడమవైపు ఉండాలి. అప్పుడు కింది వరస ఎడమ నుంచి 1, 2, 3, 4. పై వరస కుడి నుంచి 5, 6, 7, 8. తొందరపడకండి, రెండుసార్లు లెక్కపెట్టండి.

2. 8, 4 పిన్లను ప్లస్ గీతకు, 1ని మైనస్ గీతకు కలుపుదాం. బ్యాటరీ ఇప్పుడే వద్దు.

3. 8కీ 7కీ మధ్య 1 కిలో ఓమ్, 7కీ 6కీ మధ్య 10 కిలో ఓమ్ పెడదాం. 6ను 2తో తీగతో కలపండి. 104 కెపాసిటర్ ఒక కాలు 2కు, రెండోది మైనస్‌కు.

4. 3వ పిన్ నుంచి 100 ఓమ్, దాని తర్వాత 10 మైక్రోఫారడ్ ప్లస్ కాలు. మైనస్ కాలు స్పీకర్‌కు, స్పీకర్ రెండో తీగ మైనస్ గీతకు.

5. ఇప్పుడు బ్యాటరీ తగిలిద్దాం. ఒకే స్వరం వినిపించాలి. లెక్క ప్రకారం సెకనుకు సుమారు 690 ఊగిసలాటలు. 104 కెపాసిటర్ 6 వోల్టుల దాకా నిండి, 3 వోల్టుల దాకా ఖాళీ అయి, మళ్లీ నిండుతోంది. ఆ 6 వోల్టుల హద్దు 5వ పిన్ దగ్గర ఉంటుంది. మల్టీమీటర్ ఉంటే కొలిచి చూడండి.

6. బ్యాటరీ తీసేసి, పాట్ చివరి కాళ్లు రెండూ ప్లస్‌కు ఒకటి, మైనస్‌కు ఒకటి కలుపుదాం. నడిమి కాలును మిగిలిన 1 కిలో ఓమ్ ద్వారా 5వ పిన్‌కు ఇవ్వండి.

7. బ్యాటరీ పెట్టి మెల్లగా తిప్పండి. 5వ పిన్ వోల్టేజి పెరిగితే స్వరం దిగుతుంది, తగ్గితే ఎక్కుతుంది. హద్దు ఎత్తు పెరిగితే కెపాసిటర్ అక్కడిదాకా నిండటానికి ఎక్కువసేపు పడుతుంది మరి.

8. ఇక ముఖ్యమైన అడుగు. పాట్‌ను అటూ ఇటూ ఊపండి. ఇప్పుడు మీ చెయ్యే మైకు. ఎంత దూరం ఊపారన్నది మాట ఎంత గట్టిగా ఉందో చెబుతుంది, ఎంత వేగంగా ఊపారన్నది ఆ మాట స్థాయిని చెబుతుంది. ఎఫ్‌ఎం అంటే ఇదే. ఇక్కడ కాసేపు ఆగి ఆడుకోండి, పరుగెత్తకండి.

ట్రాన్స్‌మిటర్‌లో ఇదే ఎలా జరుగుతుంది?

అక్కడ 555 బదులు ఒక తీగచుట్ట, ఒక కెపాసిటర్ జంటగా ఊగుతాయి. 0.1 మైక్రోహెన్రీ చుట్టకు 31 పికోఫారడ్ చేరితే సుమారు 90.4 మెగాహెర్ట్జ్ వస్తుంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి నడిపిన సంఘం రేడియోది అదే ఫ్రీక్వెన్సీ. ఎఫ్‌ఎం స్టేషన్లలో మాట ఆ ఫ్రీక్వెన్సీని అటు 75, ఇటు 75 కిలోహెర్ట్జ్‌కు మించి కదపకూడదు. అంత కదలికకు 31 పికోఫారడ్‌లో మారాల్సింది దాదాపు 0.05 పికోఫారడ్ మాత్రమే! ఈ లెక్క వేసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ మార్పు తెచ్చేది వరాక్టర్ డయోడ్. దాని మీద రివర్స్ వోల్టేజి పెరిగితే కెపాసిటెన్స్ తగ్గి, ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. మన 555లో జరిగినదానికి ఇది తలకిందులు, గుర్తుంచుకోండి. ఒకే ట్రాన్సిస్టర్ ఉన్న చిన్న సెట్లలో వరాక్టర్ ఉండదు. ట్రాన్సిస్టర్ బేస్, కలెక్టర్ల మధ్య ఉండే కెపాసిటెన్సే ఆ పని చేస్తుంది. అందుకే వేడెక్కినా, బ్యాటరీ దిగినా, చుట్ట దగ్గరికి చెయ్యి వెళ్లినా ఫ్రీక్వెన్సీ జరిగిపోతుంది. పెద్ద స్టేషన్లలో వీసీవోను క్వార్ట్జ్ స్ఫటికంతో పోల్చి, పక్కకు పోకుండా పట్టి ఉంచుతారు.

సాధారణంగా జరిగే పొరపాట్లు

- ఐసీ తిరగేసి గుచ్చడం. బ్యాటరీ పెట్టగానే వేడెక్కితే వెంటనే పీకేయండి.
- 4వ పిన్‌ను వదిలేయడం. ఒకసారి మోగుతుంది, ఒకసారి మోగదు. తప్పు ఎక్కడుందో తెలియక గంటలు పోతాయి.
- 104 బదులు 103 పెట్టడం. స్వరం పది రెట్లు పైకెక్కి సన్నటి కీచుగా వస్తుంది.
- పాట్ నడిమి కాలు, చివరి కాలు తారుమారు చేయడం. ఇది అన్నిటికన్నా ప్రమాదం. తిప్పుతుండగా ప్లస్, మైనస్ నేరుగా కలిసి పాట్ కాలిపోవచ్చు. బ్యాటరీ పెట్టేముందు ఈ ఒక్కటీ తప్పకుండా సరిచూడండి.