విఠలారాధనమున నడక – గడప

మహారాష్ట్రమున షోలాపురము జిల్లాయందు భీమానదీతీరమున పండరీపురము కలదు. నది అచ్చట నెలవంకవలె వంగి ప్రవహించుటచే దానిని చంద్రభాగయని పిలుచుచున్నారు. ఆ క్షేత్రదైవమగు విఠోబా ఇటుకపై నిలిచి, రెండు చేతులను నడుమున ఆనించి యుండును.

పుండరీకుడు తల్లిదండ్రుల సేవలో నుండగా దేవుడు వాకిటికి వచ్చెననియు, అతడు సేవ మానక ఇటుక నొకదానిని విసరి దానిపై నిలువుమనెననియు, స్వామి నాటినుండి అట్లే నిలిచియున్నాడనియు స్థలకథ. ఇందు వేచియుండువాడు దేవుడు. పనిలో నుండువాడు భక్తుడు. విఠలారాధనమునందలి విశేషములన్నియు ఈ కథను ఆశ్రయించియున్నవని చెప్పవచ్చును.

తెలుగువారికి ఈ దైవము క్రొత్తవాడు కాడు. 16వ శతాబ్దమున తెనాలి రామకృష్ణకవి ఈ క్షేత్రమహిమను ‘పాండురంగ మాహాత్మ్యము’గా రచించెను. 1957లో వెలువడిన ‘పాండురంగ మహత్యం’ చలనచిత్రము పుండరీకుని కథను ఇంటింటికి చేర్చినది. అయినను తెలుగునాట విఠలుడు ముఖ్యముగా కథాశ్రవణమున పరిచితుడు. మహారాష్ట్రమున నన్ననో, అతనిని చేరు ముఖ్యసాధనము నడక.

నియమము తప్పక చేయు పండరియాత్రకు ‘వారీ’యని పేరు, చేయువాడు వార్కరీ. మెడలో తులసిపూసల మాల, నుదుట గోపీచందనము, ఏకాదశినాడు ఉపవాసము, మద్యమాంసముల త్యాగము అతని నియమములు. ఆషాఢ శుద్ధైకాదశి, కార్తిక శుద్ధైకాదశి ప్రధానపర్వములు. ఆషాఢపర్వమునకు ఆళందినుండి జ్ఞానేశ్వరుని పాదుకలు, దేహునుండి తుకారాముని పాదుకలు పల్లకీలలో బయలుదేరును. జనులు ‘దిండీ’లను బృందములుగా కూడి, తాళమృదంగములతో అభంగములు పాడుచు, సుమారు మూడు వారములు నడతురు. దేవుని చూడబోవువారు కవుల పాదుకలను వెంట గొనిపోవుట ఈ సంప్రదాయమున గమనింపదగినది. త్రోవలో వారు ఒకరినొకరు ‘మౌళీ’, అనగా తల్లీ, యని పిలుచుకొని పరస్పరము పాదములకు మ్రొక్కుకొందురు. గర్భగుడిలో భక్తుడు స్వామిపాదములపై స్వయముగా శిరస్సుంచి మ్రొక్కును. సందడిలో లోనికి పోజాలనివాడు శిఖరమును దర్శించియే తృప్తుడగును.

ఇంతటి సమభావమునకును ఒక గడప అడ్డముండెను. 14వ శతాబ్దివాడగు చోఖామేళుడు మహారు కులస్థుడు. విఠలునిపై అభంగములు చెప్పిన భక్తకవి. అతనికి ఆలయప్రవేశము లేకుండెను. మంగళవేఢలో గోడ కూలి అతడు మరణించెనని సంప్రదాయము చెప్పును. అతని సమాధి ఆలయ మహాద్వారము వెలుపల నున్నది. అతని పదములను వార్కరీలు శతాబ్దులుగా పాడుచు వచ్చిరి. అతని కులమువారు మాత్రము శతాబ్దులుగా వెలుపలనే నిలిచిరి. పాట దాటిన గడపను మనుష్యుడు దాటలేకపోయెను.

1947 మే నెలలో సానే గురూజీ పండరీపురమున నిరశనవ్రతము పూనగా ఆలయద్వారములు హరిజనులకు తెరువబడెను. 1973లో వచ్చిన శాసనము అర్చకకుటుంబముల వంశపారంపర్య హక్కులను రద్దుచేసినది. దానిపై సాగిన వ్యాజ్యము 2014 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానమున ముగిసి, ఆ హక్కులు తొలగిపోయినవి. ఆ యేడే ఆలయసమితి సర్వకులములవారిని, స్త్రీలను పూజావిధులకై దరఖాస్తు చేసికొనుడని ఆహ్వానించినది.

ఈ మార్పును సంప్రదాయభంగమని తలచుట సరికాదు. త్రోవలో తోటివాని పాదములకు మ్రొక్కినవాడు ఆలయద్వారమున అతనిని నిలిపివేయుట యుక్తము కాదని వార్కరీల ఆచారమే తెలుపుచున్నది. శాసనము ఆ ఆచారమును త్రోవనుండి గర్భగుడివరకు పొడిగించినది. ఇటుకపై నిలిచి వేచియున్న దేవుడు చోఖామేళునికొరకును వేచియుండెనని అంగీకరించుటయే విఠలారాధనమును యథార్థముగా గ్రహించుట.