రెండు పక్కలా పట్టు

పెద్దయ్యకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాయి. ఇంటి ముందు నాలుగు మెట్లు ఉన్నాయి. పెద్దమ్మ కుడి పక్క ఇనుప పైపు వేయించింది. పెద్దయ్య దాన్ని పట్టుకుని ఎక్కాడు.

మర్నాడు దిగుతూ పడిపోయాడు.

"పైపు ఉంది గదా! ఎట్లా పడ్డావయ్యా?" అంది పెద్దమ్మ.

"దిగేటప్పుడు పైపు ఎడమ పక్కకు వచ్చిందే! ఆ చెయ్యి పట్టదు గదా" అన్నాడు పెద్దయ్య.

పెద్దమ్మ రెండో పక్క కూడా పైపు వేయించింది. మెట్ల మీద గోనెపట్టా తీసేసింది. అది జారుతుంది. మెట్ల అంచులకు తెల్లరంగు వేసింది. గుమ్మం పైన లైటు పెట్టించింది.

ఇప్పుడు పెద్దయ్య ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు వేస్తాడు. దిగేటప్పుడు పట్టు లేని కాలు ముందు దించుతాడు. రెండుసార్లూ బరువు మోసేది మంచి కాలే. ఎక్కినా, దిగినా పెద్దమ్మ ఎడమ పక్కన, ఒక మెట్టు కింద ఉంటుంది. చెయ్యి పట్టి లాగదు. నడుము దగ్గర పట్టుకుంటుంది.

గుర్తుంచుకుందాం:
పైపు మెట్టు మీద నుంచి సుమారు 3 అడుగుల ఎత్తులో ఉండాలి. ఊగకూడదు.
మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. 6 అంగుళాలయితే మంచిది.

చెప్పండి:
1. పైపు ఉన్నా పెద్దయ్య ఎందుకు పడ్డాడు?
2. మీ ఇంటి మెట్లకు ఎన్ని పక్కల పట్టు ఉంది?