గూడబాతుల ఊరికి వెళ్లేముందు

చిరంజీవి మనవరాలికి,

నేలపట్టు వెళ్లి గూడబాతులను చూడాలని ఉంది, గూళ్ల కిందికంటా వెళ్లి పిల్లల ఫోటోలు తీసుకోవచ్చా అని అడిగావు. తప్పకుండా వెళ్లు. గూళ్ల కిందికి మాత్రం వద్దు. అది అటవీ శాఖ వాళ్ల కట్టుబాటు. వాళ్లు పెట్టకపోయినా నేను పెట్టేదాన్ని. వద్దంటే ఎందుకని అడిగే పిల్లవి కాబట్టి కారణం మొదటి నుంచీ చెబుతాను.

సంగం నుంచి నెల్లూరు, అక్కణ్ణుంచి గూడూరు, నాయుడుపేట మీదుగా పోతే దొరవారిసత్రం పక్కన నేలపట్టు వస్తుంది. 2022 దాకా అది మన నెల్లూరు జిల్లాయే, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. దాదాపు 459 హెక్టార్ల ఆ చోటును 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. అందులో అసలు ప్రాణం చెరువు, చెరువు నీళ్లలో నిలబడి బతికే నీటి కడప చెట్లు. ఈశాన్య రుతుపవనాలకు చెరువు నిండగానే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు ఆ చెట్ల మీద గుంపులుగా కాపురం పెడతాయి. గూడబాతులు చేపల కోసం పులికాట్ సరస్సు దాకా పోయి వస్తాయి. అంటే వాటికి పొలం ఒకచోట, ఇల్లు ఒకచోట. ఉప్పునీటి సరస్సులో చేప ఎంత ఉన్నా, నీళ్ల మధ్య చెట్టు లేకపోతే పిల్లలు పెరగవు.

నీళ్ల మధ్యే ఎందుకు? కుక్క, నక్క, పిల్లి ఈదుకుంటూ వచ్చి చెట్టెక్కడం కష్టం గనక. సముద్రపు పక్షులు దీవులను వెతుక్కునేదీ ఇందుకే. హిందూ మహాసముద్రంలో సీషెల్స్ దేశానికి చెందిన కజిన్ అనే చిన్న దీవి ఉంది. ఒకప్పుడది కొబ్బరితోట. 1968లో పక్షి సంరక్షకులు దాన్ని కొని, అడవిని తిరిగి పెరగనిచ్చారు. అక్కడ తెల్ల టర్న్ పక్షి గూడే కట్టదు, ఉత్త కొమ్మ మీద ఒకే ఒక్క గుడ్డు పెట్టి దాని మీద కూర్చుంటుంది. కొన్ని పక్షులు నేల మీదా, నేల బొరియల్లోనూ పొదుగుతాయి. ఆ దీవికి చూడ్డానికి వెళ్లే వాళ్ల పడవను ఒడ్డుకు రానివ్వరు. దీవి వాళ్లే తమ పడవలో ఎక్కించుకుని దింపుతారు. బయటి పడవలోంచి ఒక్క ఎలుక దిగినా గుడ్లకూ పిల్లలకూ దిక్కుండదని ఆ జాగ్రత్త. దిగాక కూడా వాళ్ల వెంట, వాళ్లు చూపిన బాటలోనే నడవాలి.

నేలపట్టులో ఎలుక భయం అంత లేదు, మనిషి అలికిడి భయం ఉంది. గూడబాతు పిల్ల ఒంటి మీద ఈకే లేకుండా పుడుతుంది, తన ఒంటి వేడిని తాను అదుపు చేసుకోలేదు. మన ఎండ చలికాలంలోనూ మధ్యాహ్నానికి చురుక్కుమంటుంది, తల్లో తండ్రో నీడ పట్టకపోతే పిల్ల సొమ్మసిల్లుతుంది. నువ్వు చెట్టు కిందికి వెళితే తల్లి లేస్తుంది. ఒక తల్లి లేస్తే పక్క గూళ్లవీ లేస్తాయి. ఆ కాసేపట్లో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది, కాస్త ఎదిగిన పిల్ల బెదిరి అంచు దాటి కింద పడుతుంది. నువ్వు ఫోటో తీసుకుని వచ్చేస్తావు, నీ ఫోటోలో ఇదేదీ కనపడదు. అందుకే ఈ నష్టాన్ని చేసినవాళ్లు నమ్మరు. బెదురు పదే పదే కలిగితే గుంపు మొత్తం చోటు మార్చేస్తుంది. కొల్లేరు పక్కన ఆరేడు అనే ఊళ్లో పెద్ద గూడబాతుల కాలనీ ఉందని 1946లో పక్షుల పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ గుర్తించారు. మరో మూడు దశాబ్దాలకు ఆ కాలనీ లేదు. ఫలానా కారణం ఒక్కటేనని నేననను. కాలనీ పోయాక దాన్ని ఎవరూ తిరిగి పిలుచుకు రాలేకపోయారన్నది మాత్రం గుర్తుంచుకో.

నువ్వు వెంటనే అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఊరివాళ్లు రోజూ అక్కడే తిరుగుతారు కదా, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువులోనే పక్షులు పిల్లల్ని చేస్తాయి కదా, మరి నాకొక్కదానికే ఎందుకీ ఆంక్ష అంటావు. నిజమే, పక్షి మనిషికి అలవాటు పడుతుంది. అయితే అది అలవాటు పడేది రోజూ అదే వేళకు, అదే గట్టు మీద, తన జోలికి రాకుండా పోయే మనిషికి. నేలపట్టు రైతుకు రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలం. పక్షికీ అతనికీ ఏళ్ల తరబడి కుదిరిన పొత్తు అది. తమిళనాడులో కొల్లుకుడిపట్టి ఊరివాళ్లు పక్షుల కోసం దీపావళికి టపాకాయలే కాల్చరు. ఆ నమ్మకాన్ని వాళ్లు సంపాదించుకున్నారు. ఒక్కపూట వచ్చిపోయే మనం దాన్ని వాడుకోకూడదు.

దగ్గరికి పోకుండా శాస్త్రం ఎలా వస్తుందన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డాన్ 1843-47 మధ్య మన పక్షుల బొమ్మలతో మద్రాసులో పుస్తకం వేశాడు. ఆ కాలంలో పక్షిని పోల్చుకోవాలంటే చంపి చేతిలోకి తీసుకోవడమే పద్ధతి. అతని పేరుతోనే బయటి ప్రపంచం పిలిచే కలివి కోడి పూర్తిగా అంతరించిందనుకున్నాక, 1986లో కడప జిల్లా లంకమల అడవి దగ్గర మళ్లీ దొరికింది. స్థానికుల సాయం లేకపోతే దొరికేది కాదు. తర్వాత దాన్ని ఎలా పరిశీలించారో చూడు: పొదల మధ్య మట్టిని మెత్తగా చదును చేసి తెల్లారి అడుగుజాడలు చూశారు, వాటంతటవే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. పక్షి ముందుకు మనిషి వెళ్లకుండానే అది ఎక్కడ తిరుగుతుందో తెలిసింది. నీకు బైనాక్యులర్ ఉంది, అక్కడ చూడ్డానికి మంచె ఉంది. ఒక గూటిని ఎంచుకుని రెండు గంటలు కదలకుండా చూస్తే, తల్లి గొంతులోకి పిల్ల తల దూర్చి మేత తినడం, కాపలాకు తల్లీ తండ్రీ వంతులు మారడం అన్నీ కనిపిస్తాయి. చెట్టు కింద నిలబడితే కనిపించేది బెదిరిపోయిన పక్షి ఒక్కటే. అది దాని నడవడి కాదు, నీ రాక వల్ల వచ్చిన నడవడి.

రక్షణ పేరుతో ఎవరినో ఒకరిని దూరం పెడతారు కదా, అది న్యాయమా అని కూడా అడగాలి. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా దాటెయ్యలేను. శ్రీహరికోట దీవిని చూడు. 1971లో అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. బయటివాళ్లకు ప్రవేశం లేకపోవడంతో సముద్రపు ఒడ్డు అడవి చాలావరకు నిలిచింది. కానీ అంతకుముందు ఆ అడవిలో బతికిన యానాదులు దీవి విడిచిపోవాల్సి వచ్చింది. దీవికి వేసిన రోడ్డు పులికాట్‌ను అడ్డంగా చీల్చింది. ఆ సరస్సును నమ్ముకున్న బెస్తవాళ్లకు పక్షుల కేంద్రం హద్దులూ ఉన్నాయి. బతుకుతెరువు వదులుకున్న వాళ్ల విషయంలో ప్రభుత్వం జవాబు చెప్పాలి, అడిగే హక్కు వాళ్లకుంది. మనం వదులుకునేది ఒక ఫోటో. ఇంతమంది ఇంత వదులుకుని నిలిపిన చోట, సరదాకు వెళ్లినవాళ్లు నాలుగడుగులు వెనక్కి నిలబడలేమనడం నాకు సిగ్గుగా తోస్తుంది.

ఇక ప్రయాణం సంగతి. డిసెంబరు, జనవరి నెలలు మంచివి. పొద్దున్నే చేరుకో, ఎర్రని, మెరిసే బట్టలు వద్దు, డ్రోను తెచ్చే స్నేహితులుంటే ఇంటి దగ్గరే ఆపు. కింద పడిన పిల్ల కనిపిస్తే నువ్వు పట్టుకోకు, కేంద్రం సిబ్బందికి చెప్పు. బయల్దేరే ముందు ఆ వైపు వానలెలా పడ్డాయో కనుక్కో. చెరువు నిండని ఏడాది పక్షులు తక్కువగా వస్తాయి, వచ్చినవి తొందరగా బెదురుతాయి. అలాంటప్పుడు నేలపట్టు మానుకుని సూళ్లూరుపేట దాకా పోయి, అటకానితిప్ప దగ్గర రోడ్డు మీద నుంచే పులికాట్ రాజహంసలను చూసి రా.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ